పల్నాడు కోటలు, చారిత్రక ప్రదేశాలు

పల్నాడు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములో కృష్ణా నదికి దక్షిణమున ఉన్న ఒక చారిత్రక ప్రాంతము. దీనినే పల్నాటిసీమ అని కూడా అంటారు. మాచర్ల, గురజాల, కారెంపూడి, దాచేపల్లి, పిడుగురాళ్ళ ఈ ప్రాంతములోని ముఖ్యమైన ఊళ్ళు. క్రీ.శ. 3వ శతాబ్దము నాటి బౌద్ధ విహారాలు, 12వ శతాబ్దము నాటి వీరుల స్మారకాలు, 14వ శతాబ్దము నాటి రెడ్డిరాజుల కోటలు పల్నాటిసీమలోను, దానికి ఆనుకొని ఉన్న నరసరావుపేట, వినుకొండ, సత్తెనపల్లి ప్రాంతాలలోను ఉన్నవి. వీటిలో కొన్ని జలాశయములో మునిగిపోయినవి, కొన్ని శిథిలమైనవి, మరికొన్ని నేటికీ ప్రజల పూజలు అందుకొనుచున్నవి. విహారయాత్రికులకు, చరిత్ర విద్యార్థులకు చూడదగిన ముఖ్య ప్రదేశాలు ఈ వ్యాసములో వివరించబడినవి.

పేరు, ఉనికి

పల్నాడు అను పేరు ఎలా వచ్చిందనే విషయములో పలు అభిప్రాయాలు ఉన్నవి. పల్లవులు ఏలిన నాడు కాబట్టి "పల్లవనాడు" పల్నాడు అయినదని కొందరు, పల్లెలు ఎక్కువగా ఉన్నందున "పల్లెనాడు" అని కొందరు, ఇక్కడ దొరికే తెల్లని రాతిని బట్టి "పాలనాడు" అని మరికొందరు చెబుతారు. ఈ నేల కింద సున్నపురాయి విస్తారముగా ఉన్నది. దీనిని చెక్కడము సులభము కావడము వలన ప్రాచీన కాలము నుండి శిల్పులు దీనిని వాడారు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు ఈ జాతి సున్నపురాతిపై చెక్కినవే. నేడు అదే రాయి సిమెంటు, సున్నము పరిశ్రమలకు ముడిసరుకు.

పడమర, దక్షిణ దిక్కులలో నల్లమల కొండలు, ఉత్తరమున కృష్ణా నది పల్నాటిసీమకు ఎల్లలు. చంద్రవంక, నాగులేరు ఇక్కడి ముఖ్యమైన వాగులు. రెండును కృష్ణలో కలుస్తాయి.

ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల వశమైన తరువాత కూడా పల్నాడు ఆర్కాటు నవాబు అధీనములోనే ఉండి, 1801లో ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినపుడు అందులో భాగమైనది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. ఈ జిల్లా పాత పల్నాటిసీమ కంటే విశాలమైనది. కొండవీడు, వినుకొండ, నరసరావుపేట, అమరావతి పాత పల్నాటిసీమలోనివి కావు, జిల్లా ఏర్పాటుతో ఆ పేరు కిందికి వచ్చినవి. చదువరులు ఈ భేదమును గమనించవలెను.

చారిత్రక నేపథ్యము

పల్నాటి చరిత్రలో ఒక ప్రత్యేకత కలదు. ఇక్కడ ప్రసిద్ధి పొందిన స్థలాలలో పెక్కింటికి, బయటినుండి వచ్చి ఈ నేలను తమదిగా చేసుకొన్నవారితో సంబంధమున్నది.

క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగా పాలించారు. ఆ రాజవంశములోనికి ఉజ్జయిని నుండి క్షత్రప వంశపు రాజకుమార్తెలు కోడళ్ళుగా వచ్చినట్లు నాగార్జునకొండ శాసనాలు తెలుపుచున్నవి. సింహళము, అనగా నేటి శ్రీలంక, నుండి వచ్చిన భిక్షువులకు ఇక్కడ ప్రత్యేకముగా ఒక విహారము ఉండేది. 12వ శతాబ్దములో పల్నాటిని ఏలిన హైహయ వంశీయులు మధ్య భారతము నుండి వచ్చినవారు. వారి వంశస్థుడైన అనుగురాజు వెలనాటి చోడుల కుమార్తె మైలమదేవిని వివాహమాడి, పల్నాటిని అరణముగా పొందినాడని పల్నాటి వీరగాథలు చెబుతాయి. ఆ గాథలలో ప్రముఖ పాత్ర అయిన నాయకురాలు నాగమ్మ కూడా నేటి తెలంగాణలోని కరీంనగర్ ప్రాంతపు ఆరవెల్లిలో పుట్టి, పల్నాటిలోని జిట్టగామాలపాడుకు వచ్చి స్థిరపడినదని ప్రతీతి.

నాగార్జునకొండ

నాగార్జునకొండ మాచర్లకు వాయవ్యమున నాగార్జున సాగర్ జలాశయము మధ్యలో ఉన్న ద్వీపము. ఒకప్పుడు ఇది మూడు వైపుల నల్లమల కొండలు, నాలుగవ వైపు కృష్ణా నది ఉన్న లోయలో ఒక కొండ. ఈ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. శాసనాలలో దీనిని శ్రీపర్వతమని కూడా పేర్కొన్నారు. బౌద్ధాచార్యుడు నాగార్జునుడు ఇక్కడ నివసించాడను సంప్రదాయమును బట్టి నాగార్జునకొండ అను పేరు వచ్చినది.

ఇక్ష్వాకు రాజ్య స్థాపకుడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము వంటి వైదిక యజ్ఞములు చేసినవాడు. అతని కుమారుడు వీరపురుషదత్తుని కాలములో రాజకుటుంబపు స్త్రీలు బౌద్ధమును విశేషముగా పోషించారు. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ ఇక్కడి మహాచైత్యమును పునరుద్ధరించినది. దీని వ్యాసము సుమారు 32 మీటర్లు. అడుగు భాగము బండి చక్రము ఆకృతిలో ఆకులు, నాభితో కట్టబడినది. త్రవ్వకాలలో ఇందులో లభించిన ధాతువు తరువాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారమునకు ఇవ్వబడినది.

వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరములో బోధిశ్రీ అను ఉపాసిక ఇక్కడి చుళధమ్మగిరిపై ఒక చైత్యగృహమును కట్టించి, సింహళ స్థవిరులకు అంకితము చేసినది. ఆ శాసనములో కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, వంగము, వనవాసి, యవన, ద్రవిడ మొదలైన దేశాల పేర్లు ఉన్నవి. ఆయా దేశాలలో ధర్మప్రచారము చేసినవారిగా ఆ స్థవిరులను శాసనము కొనియాడినది. కృష్ణాతీరములోని ఈ లోయవాసులకు అంత దూరదేశాల ఎరుక ఉండెనని దీనివలన తెలియుచున్నది.

ఇక్కడ బౌద్ధ కట్టడాలు మాత్రమే కాక హిందూ ఆలయాలు కూడా ఉండేవి. అష్టభుజస్వామి ఆలయము దక్షిణ భారతములో తెలిసిన మిక్కిలి ప్రాచీన విష్ణ్వాలయాలలో ఒకటి. నదీతీరమున రాతి పలకలతో కట్టిన స్నానఘట్టము, నాలుగు వైపుల మెట్ల వరుసలతో దీర్ఘచతురస్రాకారపు రంగస్థలము కూడా ఇక్కడ బయల్పడినవి.

త్రవ్వకాలు, ముంపు

1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఈ స్థలమును గుర్తించాడు. 1927 నుండి 1931 వరకు ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ త్రవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న అప్పటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జున సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. ఆనకట్ట పూర్తి అయితే లోయ అంతయు మునిగిపోవును. కావున భారత పురావస్తు శాఖ 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యములో లోయ మొత్తమును పరిశోధించినది. రాతియుగము నుండి మధ్యయుగము వరకు గల ఆనవాళ్ళు ఈ పరిశోధనలో బయల్పడినవి.

ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొన్నింటిని కొండపైన, కొన్నింటిని తూర్పు తీరములోని అనుపు వద్ద తిరిగి కట్టారు. మరికొన్నింటికి నమూనాలు చేయించారు. కొండపై నిర్మించిన మ్యూజియము 1966లో ప్రారంభమైనది. 1967లో సాగర్ కాలువలకు నీరు విడుదల చేశారు. ఈ నీటితో పల్నాడులోను, కృష్ణకు ఇరుపక్కల ఇతర ప్రాంతాలలోను మెట్ట భూములు మాగాణి అయినవి. పల్నాడు సాగునీటి కొరకు తన ప్రాచీన రాజధానిని కోల్పోయినది. ఆ నగరములో మిగిలినది నేడు ఒక ద్వీపముపైన, ఒక తీరముపైన మాత్రమే చూడగలము.

ద్వీపములో చూడదగినవి

* మ్యూజియము: ఇక్ష్వాకుల కాలపు శిల్పఫలకాలు, శాసనాలు, నాణేలు, ధాతుకరండాలు, బుద్ధ విగ్రహము. లోయ పూర్వరూపమును చూపు నమూనా కూడా ఉన్నది.
* పునర్నిర్మిత కట్టడాలు: మహాచైత్యము, సింహళ విహారము, స్నానఘట్టము మొదలైనవి.
* కోటగోడ: కొండపై మధ్యయుగపు కోట ప్రాకారాలు ఉన్నవి. ద్వీపముపై దిగినవారు మ్యూజియముకు వెళ్ళు దారిలో వీటిని గమనించవచ్చును. 1515లో శ్రీకృష్ణదేవరాయలు జయించిన దుర్గాలలో ఇది ఒకటి.

అనుపు

విజయపురి సౌత్‌కు సుమారు 8 కి.మీ. దూరములో జలాశయము ఒడ్డున అనుపు ఉన్నది. లోయలోని బౌద్ధ విద్యాపీఠము, రంగస్థలము, కొన్ని విహారాలు ఇక్కడ పునర్నిర్మించబడినవి. రంగస్థలము నడుమ నిలిచి మాట్లాడిన మాట పై మెట్టు వరకు స్పష్టముగా వినిపించుట ఇక్కడి విశేషము. లాంచీ అవసరము లేకుండానే చూడగల స్థలము గనుక, ద్వీపమునకు వెళ్ళుట వీలుకాని వారికి ఇది అనుకూలము.

పల్నాటి వీరుల స్థలాలు

12వ శతాబ్దపు చివరి భాగములో, సుమారు 1182 ప్రాంతమున, పల్నాటి యుద్ధము జరిగినది. అనుగురాజు కుమారులలో నలగామరాజు గురజాల నుండి, మలిదేవరాజు మాచర్ల నుండి పాలించారు. నలగాముని మంత్రి నాయకురాలు నాగమ్మ, మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెములో ఓడిన మలిదేవుని పక్షము షరతు ప్రకారము ఏడు సంవత్సరాలు రాజ్యము విడిచి వెళ్ళినది. గడువు తీరిన తరువాత రాజ్యభాగము అడుగుటకు రాయబారిగా వెళ్ళిన అలరాజు మరణించుటతో కారెంపూడి వద్ద యుద్ధము జరిగినది. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు, దత్తపుత్రుడు కన్నమదాసు మొదలగు వీరులు ఈ యుద్ధములో పాల్గొన్నారు. కులభేదము లేక అందరూ ఒకే చాపపై కలసి భుజించు "చాపకూడు"ను బ్రహ్మనాయుడు ప్రవేశపెట్టినాడని ప్రసిద్ధి.

ఈ కథను 15వ శతాబ్దములో శ్రీనాథుడు "పల్నాటి వీరచరిత్ర" పేర ద్విపదలో రచించాడు. అక్కిరాజు ఉమాకాంతము దీనిని పరిష్కరించి 1911లో ప్రకటించాడు. గ్రంథస్థమగుటకు ముందునుండియు వీరవిద్యావంతులు అను గాయకులు ఈ గాథను ఊరూరా పాడుచూ కాపాడినారు. కావున ఈ కథలోని అన్ని వివరాలకు శాసనాధారములు లేకున్నను, స్థలాల పేర్లు మాత్రము ప్రజల నోట చెదరక నిలిచినవి.

గురజాల

గురజాల నలగామరాజు రాజధాని. నేడు పల్నాడు జిల్లాలో ఒక రెవెన్యూ డివిజను కేంద్రము. ఈ మండలములోని చర్లగుడిపాడు వద్ద అలరాజు విషప్రయోగముతో మరణించాడని చెబుతారు. గురజాలకు ఉత్తరముగా కృష్ణాతీరమున దైద వద్ద ఒక గుహలో అమరలింగేశ్వరస్వామి ఆలయము ఉన్నది. గుహలోనికి కొంత దూరము వంగి నడవవలసి ఉండును.

మాచర్ల

మాచర్ల చంద్రవంక ఒడ్డున ఉన్న పట్టణము. మహాదేవిచర్ల అను పేరు మాచర్ల అయినదని చెబుతారు. ఇక్కడి లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయము బ్రహ్మనాయుని పేరుతో ముడిపడి ఉన్నది. పల్నాటి వీరులకు చెన్నకేశవుడు ఇలవేల్పు. ఆలయములో చెక్కడపు స్తంభాలు, శాసనాలు ఉన్నవి. చైత్ర మాసములో స్వామి తిరునాళ్ళు జరుగును. శైవ, వైష్ణవ భేదాలు కూడా పల్నాటి యుద్ధమునకు ఒక కారణమని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. మాచర్లలో చెన్నకేశవ ఆలయముతో పాటు వీరభద్రస్వామి ఆలయమును కూడా చూచినవారికి ఈ చర్చ సులభముగా అర్థమగును.

కారెంపూడి

కారెంపూడి నాగులేరు ఒడ్డున ఉన్నది. యుద్ధము జరిగిన స్థలము ఇదే. ఇక్కడి వీరుల గుడిలో యుద్ధములో మరణించిన వీరులను రాతి రూపాలలో పూజిస్తారు. వీరి సంఖ్య 66 అని సంప్రదాయము. వీరులవని చెప్పబడు ఆయుధాలు కూడా పూజలు అందుకొనుచున్నవి. వీటిని "కొణతాలు" అంటారు.

ప్రతి సంవత్సరము కార్తీక అమావాస్య నుండి ఐదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగును. వేర్వేరు గ్రామాల నుండి వీరాచారవంతులు తమ ఇళ్ళలో భద్రపరచుకొన్న కొణతాలను తెచ్చి, నాగులేరులో స్నానము చేయించి, గుడికి ఊరేగింపుగా తీసుకొని వస్తారు. ఐదు రోజుల పేర్లు కథలోని ఘట్టాలను అనుసరించి ఉంటాయి.

* మొదటి రోజు: రాచగావు
* రెండవ రోజు: రాయబారము
* మూడవ రోజు: మందపోరు. చాపకూడు ఈ రోజుననే జరుగును.
* నాల్గవ రోజు: కోడిపోరు
* ఐదవ రోజు: కళ్ళిపాడు

కారెంపూడిలో పెద్ద ప్రాకారాలుగాని, ఎత్తైన గోపురాలుగాని లేవు. అయినను ఎనిమిది శతాబ్దాల తరువాత కూడా యుద్ధ స్మృతి సజీవముగా నిలిచిన స్థలము ఇది. కోటలు, శాసనాలు చూడగోరువారు ఏనాడైనా పల్నాటికి రావచ్చును. పల్నాటి యుద్ధమును ప్రజలు ఎట్లు గుర్తుంచుకొన్నారో తెలియగోరువారు మాత్రము కార్తీక మాసాంతములో రావలెను.

కోటలు

1515లో విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు గజపతులపై దండెత్తి అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరము దుర్గాలను జయించి, పిదప కొండవీటిని పట్టుకొన్నాడని శాసనాలు తెలుపుచున్నవి. అద్దంకి తప్ప ఇతర కోటలను చూడగోరువారికి ఈ జాబితాయే మంచి మార్గసూచి. నాగార్జునకొండ ఇంతకుముందే వివరించబడినది.

కొండవీడు

కొండవీడు కోట యడ్లపాడు మండలములో, గుంటూరుకు పడమరగా సుమారు 25 కి.మీ. దూరములో ఉన్నది. ప్రోలయ వేమారెడ్డి 1325లో స్థాపించిన రెడ్డి రాజ్యమునకు మొదట అద్దంకి రాజధాని. అతని కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. అనవేమారెడ్డి, కుమారగిరిరెడ్డి, పెదకోమటి వేమారెడ్డి, రాచవేమారెడ్డి ఇక్కడి నుండి 1424 వరకు పాలించారు. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి ఆస్థానములో విద్యాధికారిగా ఉండెను. పల్నాటి వీరుల కథను కావ్యముగా చేసిన కవి కొండవీటి కొలువులోనివాడే అగుట ఈ రెండు స్థలాలకు గల ముఖ్య సంబంధము.

కోట ప్రాకారము కొండల వరుసపై ఎత్తుపల్లములను అనుసరించి సాగును. కొలేపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా అను రెండు ప్రధాన ద్వారాలు ఉండేవి. కొండపైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అను మూడు చెరువులు ఉన్నవి. వాననీటిని ఒక చెరువు నుండి మరొక చెరువుకు మళ్ళించి నిలువ చేసుకొనుట వలన, ముట్టడి సమయములో కోటలోనివారికి నీటి కరవు ఉండేది కాదు. బురుజులు, ధాన్యాగారాలు, ఆలయాలు, మసీదు శిథిలాలు కూడా కొండపై చూడవచ్చును.

రెడ్ల తరువాత కోట గజపతుల చేతికి పోయినది. శ్రీకృష్ణదేవరాయలు దీనిని ముట్టడించి 1515 జూన్‌లో వశపరచుకొని, గజపతి కుమారుడు వీరభద్రుని బంధించాడు. పిదప అతనిని గౌరవించి కన్నడ సీమలో ఒక ప్రాంతమునకు పాలకునిగా నియమించాడు. మహామంత్రి తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి కొండవీటికి పాలకుడైనాడు. 16వ శతాబ్దము చివర కోట గోలకొండ సుల్తానుల వశమై ముర్తజానగరము అను పేరు పొందినది. తరువాత ఫ్రెంచివారి, ఆంగ్లేయుల చేతులు మారినది.

కొండ దిగువన ఉన్న గోపీనాథస్వామి ఆలయమును స్థానికులు "కత్తుల బావి" అని పిలుస్తారు. ఇక్కడ దొరలను మోసముతో చంపించారని ఒక కథ ప్రచారములో ఉన్నది. ఇది జనశ్రుతి మాత్రమే. ఘాట్ రోడ్డు నిర్మించుటతో నేడు వాహనముపై కొండపైకి వెళ్ళవచ్చును.

బెల్లంకొండ

బెల్లంకొండ సత్తెనపల్లి, పిడుగురాళ్ళ పట్టణాల మధ్య ఉన్నది. రెండు శిఖరాలను కలుపుతూ కట్టిన రాతిగోడతో ఈ దుర్గము సుమారు త్రిభుజాకారములో ఉన్నది. పైకి సరియైన మెట్లదారి లేదు. స్థానికుల సహాయము లేకుండా ఎక్కుట మంచిది కాదు.

వినుకొండ

సీతాపహరణ వార్తను శ్రీరాముడు ఇక్కడ విన్నందున ఈ కొండకు వినుకొండ అను పేరు వచ్చినదని స్థలపురాణము. కొండపై రామలింగేశ్వరస్వామి ఆలయము, కోట ఆనవాళ్ళు ఉన్నవి. కవి గుర్రం జాషువా 1895లో వినుకొండలో జన్మించాడు.

తంగెడ

తంగెడ దాచేపల్లి మండలములో కృష్ణా నది ఒడ్డున ఉన్న గ్రామము. ఇక్కడి కోట ఏటి ఒడ్డు కోట. నది దాటి వచ్చు సైన్యాలను అడ్డుకొనుటకు ఇది అనువైన స్థానము. నేడు ప్రాకార శిథిలాలు, పాత ఆలయాలు మిగిలి ఉన్నవి.

ఇతర దర్శనీయ స్థలాలు

కోటప్పకొండ: నరసరావుపేటకు సుమారు 12 కి.మీ. దూరములో ఉన్న శైవక్షేత్రము. మూడు శిఖరాలు ఉన్నందున దీనికి త్రికూటమని, స్వామికి త్రికూటేశ్వరుడని పేరు. మహాశివరాత్రికి చుట్టుపక్కల గ్రామాల వారు ఎత్తైన ప్రభలను కట్టి, విద్యుద్దీపాలతో అలంకరించి తీసుకొని వస్తారు. కొండ ఎక్కు దారిలో గొల్లభామ గుడి ఉన్నది.

గుత్తికొండ బిలము: పిడుగురాళ్ళ మండలములోని సహజమైన సున్నపురాతి గుహలు. లోపల నీటి గుండాలు ఉన్నవి. ముచికుందుడు ఇక్కడ నిద్రించాడని పురాణకథ. 1969లో నక్సలైటు నాయకుడు చారు మజుందార్ ఇక్కడ జరిగిన రహస్య సమావేశమునకు వచ్చాడు.

ఎత్తిపోతల: మాచర్ల నుండి సాగర్‌కు వెళ్ళు దారిలో చంద్రవంకపై ఉన్న జలపాతము. నీరు సుమారు 70 అడుగుల ఎత్తు నుండి పడును. సమీపమున మొసళ్ళ పెంపక కేంద్రము ఉన్నది.

దుర్గి: రాతి శిల్పాలకు పేరుపొందిన గ్రామము. ఇక్కడి శిల్పులు నేటికీ పల్నాటి రాతిపై విగ్రహాలు చెక్కుచున్నారు. దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

మించాలపాడు: పుల్లరి సత్యాగ్రహ నాయకుడు కన్నెగంటి హనుమంతు స్వగ్రామము, దుర్గి మండలములోనిది. అడవిలో పశువులు మేపుకొనుటకు ప్రభుత్వము విధించిన పుల్లరి పన్నును నిరాకరించినందుకు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో ఆయన మరణించాడు. ఈ ఉద్యమ సందర్భములో ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకు వెళ్ళాడు.

అమరావతి: కృష్ణాతీరములోని ప్రాచీన ధాన్యకటకము. ఇక్కడి మహాస్తూపమును 1797లో కల్నల్ కాలిన్ మెకంజీ సందర్శించిన తరువాత బయటి ప్రపంచమునకు తెలిసినది. ఇక్కడి శిల్పాలు పెక్కు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియములోను, చెన్నై మ్యూజియములోను ఉన్నవి. అమరేశ్వరాలయము పంచారామాలలో ఒకటి.

పరిరక్షణ

పల్నాటి చారిత్రక స్థలాల స్థితి మూడు విధాలుగా ఉన్నది.

మొదటిది, ప్రభుత్వము కాపాడినవి. నాగార్జునకొండ, అనుపు కట్టడాలు పురావస్తు శాఖ శ్రమ వలన మిగిలినవి. కాని ఇవి తమ మూలస్థానములో లేవు. స్నానఘట్టము నేడు కొండపై ఉన్నది, అది కట్టబడిన రేవు మాత్రము నీటి అడుగున ఉన్నది. సందర్శకులు ఈ సంగతి గుర్తుంచుకొనిన గాని ఆనాటి నగరము రూపు ఊహకు అందదు.

రెండవది, ప్రజలు కాపాడినవి. కారెంపూడి వీరుల గుడి, మాచర్ల చెన్నకేశవాలయము, కోటప్పకొండ ఇట్టివి. పూజ, ఉత్సవము, మొక్కుబడి నడుచుచున్నంత కాలము ఇవి నిలుచును. అయితే జీర్ణోద్ధరణ పేరున పాత స్తంభాలకు, శాసనాలకు సున్నము, రంగులు పూయుట వలన అక్షరాలు చెరిగిపోవు ప్రమాదము కలదు.

మూడవది, ఎవరి అండయు లేనివి. బెల్లంకొండ, తంగెడ వంటి కోటలలో నిత్యపూజ లేదు, యాత్రికుల రాక తక్కువ. గోడరాళ్ళు ఇళ్ళకు, కట్టలకు తరలిపోవుట, గుప్తనిధుల ఆశతో త్రవ్వుట, ముళ్ళచెట్లు పెరిగి గోడలు విడిపోవుట వీటికి ముఖ్యమైన ముప్పులు. పల్నాడులో ముందుగా కనుమరుగు కాగలవి ఇవియే. రక్షిత కట్టడములను పాడుచేయుట 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టము ప్రకారము శిక్షార్హము. రక్షిత జాబితాలో లేని స్థలాల విషయములో గ్రామస్థుల శ్రద్ధయే ఆధారము. పాఠశాలల విద్యార్థులు తమ ఊరి శాసనాలను, వీరగల్లులను, కోటగోడలను ఫొటోలు తీసి, స్థలము, కొలతలు నమోదు చేయుట ఉపయుక్తమైన పని. లోయ మునుగుటకు ముందు నాగార్జునకొండలో జరిగిన పని కూడా మూలములో ఇట్టిదే.

ప్రయాణ సౌకర్యాలు

* రైలు: గుంటూరు - మాచర్ల మార్గములో సత్తెనపల్లి, బెల్లంకొండ, పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, మాచర్ల స్టేషన్లు ఉన్నవి. నరసరావుపేట, వినుకొండ గుంటూరు - గుంతకల్లు మార్గములో ఉన్నవి.
* బస్సు: గుంటూరు, నరసరావుపేట, మాచర్లల నుండి ఆర్టీసీ బస్సులు నడుచును. మాచర్ల నుండి విజయపురి సౌత్ సుమారు 25 కి.మీ.
* లాంచీ: నాగార్జునకొండకు విజయపురి సౌత్ నుండి లాంచీలో వెళ్ళవలెను. గాలివాన, నీటిమట్టములను బట్టి లాంచీలు నిలిపివేయుట కలదు. మ్యూజియముకు శుక్రవారము సెలవు. కావున బయలుదేరుటకు ముందు విచారించుకొనుట మంచిది.
* అనుకూల సమయము: నవంబరు నుండి ఫిబ్రవరి వరకు. పల్నాటి ఎండలు తీవ్రము. వేసవిలో కోటలు ఎక్కువారు తెల్లవారుజామున బయలుదేరి, తగినంత త్రాగునీరు వెంట ఉంచుకొనవలెను.

మూడు రోజుల వ్యవధి ఉన్నవారు మొదటి రోజు నరసరావుపేట నుండి కోటప్పకొండ, కొండవీడు, రెండవ రోజు కారెంపూడి, గురజాల, మాచర్ల, మూడవ రోజు ఎత్తిపోతల, అనుపు, నాగార్జునకొండ చూడవచ్చును.

ఇవి కూడా చూడండి

* పల్నాటి యుద్ధము
* ఇక్ష్వాకులు
* కొండవీటి రెడ్డి రాజ్యము
* నాగార్జున సాగర్
* కన్నెగంటి హనుమంతు
* శ్రీనాథుడు